మన్యపు జ్వరము, లెక్కకెక్కని ముదిమి

పార్వతీపురము విడిచి కురుపాము మీదుగా ఈశాన్యమునకు పోవు బాట గుమ్మలక్ష్మీపురము చేరు వేళకు మైదానపు వరిమళ్లు వెనుకబడి, తూర్పు కనుమల వరుసలు ఒకదాని వెంట నొకటి ఎదురగును. ఆ వరుసల నడుమ ప్రతి పల్లమునను ఒక గెడ్డ, గెడ్డకు కొంత ఎగువగా ఒక జాతాపు గూడెమో సవర గూడెమో, ఆ పైని పోడు నేలలో చోళ్లు, సామలు, కందులు కనబడును. ఈ సీమ 1950 వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, పిమ్మట శ్రీకాకుళమునకును, 1979లో విజయనగరమునకును, 2022లో పార్వతీపురం మన్యము జిల్లాకును చేరినది. పాలకుల కాగితములలో పేరు ఇన్ని మారులు మారినను, మైదానమువారి దృష్టిలో మాత్రము ఇది తరతరములుగా జ్వరపు దేశమే. మన్యమునకు బదిలీ యనగానే ఉద్యోగి యింటిల్లపాదియు కలవరపడెడివారు.

ఆ జ్వరమునకు చరిత్ర కలదు, దానిని వ్రాసినవారును కలరు. కాని వారు లెక్కించినవి మరణములు, ఆగిపోయిన పనులు, వెనుదిరిగిన దండులు. జ్వరము వచ్చి, చావక బ్రదికి, ఏటేట మరల జ్వరపడి, నలుబది ఏబది సంవత్సరములు దానితోనే కాపురము చేసిన కొండవాని శరీరమునందు అది ఏమి విడిచిపోయినదో, అతని ముదిమి నుండి ఎన్ని యేండ్లు కోసికొనిపోయినదో ఎవరును లెక్క గట్టలేదు. సంక్రమణమునకును, దేహములో రగులు శోథకును, వార్ధక్యమునకును గల సంబంధమును గూర్చి గత యిరువది యైదేండ్లలో వైద్యశాస్త్రము కనుగొన్న విషయములు ఈ పాత చరిత్రను మరల విప్పి చూడవలసిన అగత్యమును కల్పించుచున్నవి. నే నిచ్చట చేయబూనినది ఆ పని.

కుంఫిణీ ప్రభుత్వము 1839లో గంజాము, విశాఖపట్టణము కొండసీమలను సాధారణ న్యాయస్థానముల యధికారము నుండి తప్పించి కలెక్టరునే గవర్నరు ఏజంటుగా నియమించినప్పటినుండి ఈ ప్రాంతమునకు ‘ఏజెన్సీ’ యను పేరు స్థిరపడినది. ఏజంటుకు అధికారము సంక్రమించినదేగాని, కొండమీద నిలుచు ఆరోగ్యము సంక్రమించలేదు. వర్షాకాలమున కాని, వానలు వెనుదీసిన పిమ్మటి నెలలలో కాని మన్యమున మకాము చేయుటకు ఉద్యోగి జంకెడివాడు. 1882లో జర్మనీ దేశపు బ్రెక్లుమ్ మిషనువారు సాలూరు, కోరాపుట్టు ప్రాంతములకు వచ్చినప్పుడు వారికి తొలుత ఎదురైన ప్రతిపక్షము ఏ దేవతయు కాదు, ఈ జ్వరమే. షావుకారు మాత్రము ఎండకాలమున ఉప్పు, బట్టలతో ఎక్కి, చింతపండును కందులను తన యప్పు లెక్కకు జమకట్టుకొని, తొలకరికి ముందే దిగిపోయెడివాడు. అట్లు దిగిపోయినవాడును ఎంత భూమిని పట్టెనో 1917లో గిరిజనుల భూముల బదిలీని అరికట్టుటకు చట్టము చేయవలసి వచ్చుటను బట్టి ఊహించవచ్చును. కనుక జ్వరము కొండకు కోటగోడ యని కొందఱనెడు మాటను నేను పూర్తిగా అంగీకరింపజాలను. అది బయటివానిని ఋతువుల మేరకు ఆపినదేమో. లోపలివానిని ఏ ఋతువునందును విడువలేదు.

చలితో వచ్చు జ్వరమును మన పూర్వులు బాగుగా ఎఱుగుదురు. చరక సుశ్రుతులు విషమజ్వరములను వర్ణించుచు దినము విడిచి దినము వచ్చు దానిని తృతీయకమనియు, రెండు దినములు విడిచి వచ్చు దానిని చతుర్థకమనియు విభజించిరి. గూడెములలో ఈ శాస్త్రనామములు లేకున్నను లక్షణజ్ఞానము ఉండెను. మొదట ఎంత కప్పినను తీరని వణకు, పిమ్మట కాక, తుదకు చెమట. అటుపైని బిడ్డ కడుపులో ఎడమవైపున ప్రక్కటెముకల క్రింద గట్టిగా తగులు ‘బల్ల’, అనగా ఉబ్బిన ప్లీహము. గూడెపు మంత్రవైద్యుడైన ఎజ్జోడు వచ్చి దేవతను అడిగెడివాడు; కోడిని ఒప్పుకొనెడివారు; నేలవేము చెట్టును వేళ్లతో సహా మరగించిన చేదు కషాయమును త్రాగించెడివారు. మైదానమువారు దీనిని మౌఢ్యమని త్రోసివేయుట సులభమే గాని, అదే కాలమున మైదానపు వైద్యుడు కూడ చెడ్డగాలియే ఈ జ్వరమునకు హేతువని నమ్మియుండెనని మఱవరాదు. 1880లో లావరాన్ అల్జీరియాలో రోగి రక్తమున క్రిమిని చూచువఱకు, 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ సికింద్రాబాదు చెంత బేగంపేటలో దోమ జీర్ణకోశపు గోడపై దాని బీజకోశములను చూచువఱకు, విద్వాంసుడును ఎజ్జోడును ఈ విషయమున ఒక్క చీకటిలోనే ఉండిరి.

ఈ జ్వరము ఒక జీవితము నుండి ఏమి తీసికొనిపోగలదో తెలుగువారికి బాగుగా తెలిసిన యుదాహరణ మొకటి ఈ కొండల తూర్పు అంచుననే కలదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండిన గిడుగు వేంకట రామమూర్తిగారు పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరములలో సవరల భాషను నేర్వదలచి, అది వ్రాతలేని భాష గావున దానిని మాటాడువారి నోటనే వినుటకు గూడెముల వెంట తిరిగిరి. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని పుస్తకములు వ్రాసిరి; వానికి ప్రభుత్వము పారితోషికము ఇయ్యబూనగా ఆ ధనముతో బడి పెట్టుడని కోరిరి. ఆ తిరుగుడులో మన్యపు జ్వరము వారిని పట్టినది. దానికి విరుగుడు క్వినైను. సింకోనా బెరడు నుండి తీసిన ఆ మందు రక్తములోని క్రిమిని చంపును. మోతాదు మించినచో చెవులలో హోరు పుట్టించి వినికిడిని హరించును. రామమూర్తిగారికి జ్వరము తగ్గినది, చెవుడు మిగిలినది. 1863లో పుట్టి 1940లో గతించిన వారు తమ జీవితపు ఉత్తరార్ధమంతయు, సవర వ్యాకరణము అచ్చయిన 1931 నాటికిని, సవర నిఘంటువు వెలువడిన 1938 నాటికిని, ఆ వినికిడి లోపముతోనే పని చేసిరి. ధ్వనుల సూక్ష్మభేదములను పట్టుకొనుటయే వృత్తిగా గలవానికి చెవి ఎంతటి సాధనమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇట్టి మనిషి పడిన నష్టమును మన మెఱుగుదుము, ఆయన మహనీయుడు గనుక. ఆయనకు ఒక్కొక్క మాటయే పలికి చూపిన సవరలలో ఎందఱు ఎన్ని మారులు జ్వరపడిరో, ఎవరు ఏ వయసున ఒరిగిరో తెలిపెడు పుట మన చరిత్రలో లేదు.

శాస్త్రజ్ఞులు కొండలకు వచ్చినది ఇరువదవ శతాబ్దిలో. అప్పుడు విశాఖపట్టణపు జిల్లాలో భాగమై యుండిన జయపురపు కొండసీమ మలేరియాను పెర్రీ పరిశీలించి 1914లో ప్రకటించెను. పార్వతీపురము వఱకు వచ్చి ఆగియుండిన రైలుమార్గము 1931లో కొండలు దాటి రాయపురముతో కలిసినది. ఆ మార్గముగల బెంగాల్ నాగపూర్ రైల్వేకు మలేరియా నిపుణుడైన సీనియర్ వైట్ 1930ల చివర జయపురపు కొండలలో సంవత్సరము పొడుగున దోమలను పట్టి, కోసి, ఏ జాతి దోమ కడుపున క్రిమి యున్నదో చూచెను. తేలిన ముఖ్య నేరస్థురాలు అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అను ఆడుదోమ. దీని పద్ధతి వేఱు. మైదానపు దోమ మురుగునను నిలువ నీటను గ్రుడ్లు పెట్టునని వినియున్నవాడు గూడెమునకు వచ్చి, నీరు తేటగా పాఱుచున్నదే, ఇచ్చట దోమ యెక్కడిదని ఆశ్చర్యపడును. వానలు తగ్గి గెడ్డ పలుచబడిన దినములలో ఒడ్డున వంగి చూచినచో, నడుమ నీరు పరుగిడుచున్నను అంచున గడ్డిపోచలు నీటిలో వ్రాలినచోట జేనెడు మేర వేగము చచ్చి యుండును. అచ్చట నీటి ఉపరితలమునకు సమాంతరముగా, నూలుపోగు తునకవలె పరుండి, నీడ పడగానే ప్రక్కకు జరుగు పురుగే ఈ దోమ పిల్ల. గూడెమునకు ప్రాణాధారమైన త్రాగునీరే జ్వరమునకును పుట్టినిల్లగుట ఈ సీమ విధి.

ఆనాటి పరిశీలకులకు ఊరిలో జ్వరమెంత యున్నదో తెలిసికొనుటకు దగ్గఱి సాధనము చేతివ్రేళ్లే. పిల్లలను వరుసగా నిలిపి, ఎడమ ప్రక్కటెముకల అంచున వ్రేళ్లు మోపి, శ్వాస పీల్చుమని, క్రిందికి దిగిన ప్లీహము వ్రేలికి తగిలినదో లేదో, తగిలినచో బొడ్డునకు ఎంత చేరువగా వచ్చినదో గుర్తించెడివారు. నూటికి ఎందఱి బల్ల తగిలిన అంత తీవ్రతగా లెక్క. ఈ లెక్కకు రెండేండ్లు నిండి పదేండ్లు నిండని బిడ్డలనే తీసికొనుట నియమమైనది, ఏలయన పెద్దలలో ప్లీహపు పెరుగుదల నమ్మదగిన కొలమానము కాదు. చిన్ననాట మరల మరల జ్వరపడి బ్రదికినవారికి ఒక విధమైన ఓర్పు అలవడును. క్రిమి రక్తమున నున్నను వారు పొలమునకు పోవుదురు, బరువు మోయుదురు, జ్వరమని పడుకొనరు. పరిశీలకుడు దానిని రోగనిరోధశక్తి యని వ్రాసికొని పెద్దవానిని విడిచి పిల్లవానివైపు తిరిగెను. శాస్త్రరీత్యా అది తప్పు కాదు. కాని ఆ ఓర్పునకు దేహము ఏమి చెల్లించుచున్నదను ప్రశ్న ఆ క్షణముననే జారిపోయినది.

స్వాతంత్ర్యము వచ్చునాటికి దేశమున ఏటా ఏడున్నర కోట్లమంది జ్వరపడుచు, ఎనిమిది లక్షలమంది చనిపోవుచుండిరని అంచనా. 1953 ఏప్రిలులో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ప్రారంభమై, 1958లో నిర్మూలన కార్యక్రమముగా మాఱి, ఊరూర డీడీటీ చల్లబడినది. 1965లో దేశమంతట ఒక్క మలేరియా మరణమును నమోదు కాలేదు. 1976లో మరల అఱువది నాలుగు లక్షలకు మించిన కేసులు లెక్కకు వచ్చినవి. మైదానమున గెలిచిన ఉపాయము కొండయందు తడబడుటకు కారణములు ఆ ఇండ్లలోనే కలవు. డీడీటీ గోడపై ఎండి నిలిచి, రక్తము త్రాగి వచ్చి గోడపై వ్రాలిన దోమను చంపవలెను. సవర యిల్లాలు పండుగకు ముందు ఎఱ్ఱమన్నుతో గోడ అలుకును; ఆ యలుకుతో మందు మంటి క్రింద పూడిపోవును. పైగా పంట కాపునకు వచ్చు నెలలలో మగవారు రాత్రులు ఇంట పరుండరు. పోడుచేలో మంచెమీద నెగడు ప్రక్కన కావలి యుందురు. మందు ఇంటిలో, మనిషి చేలో, దోమ గెడ్డలో. ఇందుకు గిరిజనుని అజ్ఞానమును నిందించిన నివేదికలు అనేకము. ఇంటిని శుభ్రముగా నుంచుకొనుటయు పంటను కాచుకొనుటయు ఏ నీతిలో దోషమగునో నాకు బోధపడదు.

ఇక ఈనాటి శాస్త్రము చెప్పుచున్నది వినుడు. దేహమున క్రిమి ప్రవేశించినప్పుడు ఆ తావు ఎఱ్ఱబారి, వేడెక్కి, ఉబ్బి, నొప్పిపెట్టుట శోథ, అది రక్షణక్రియ. పని ముగియగానే చల్లారవలసిన ఆ వేడి చల్లారక, పైకి తెలియని మేర ఏండ్ల తరబడి నిలిచినచో రక్తనాళములను, మూత్రపిండములను, మెదడును క్రమముగా నొప్పించును. వయసుతో పెరుగు ఈ మంద శోథకు 2000 సంవత్సరమున ఇటలీ శాస్త్రజ్ఞుడు క్లాడియో ఫ్రాంచెస్కీ ఒక ప్రత్యేక నామమే పెట్టెను. 2004లో ఫించ్, క్రిమిన్స్ అనువారు స్వీడనులో 1751 నుండి భద్రపఱచిన జనన మరణముల పట్టీలను శోధించి, ఏ తరములో శిశుమరణములు తగ్గినవో ఆ తరమువారే ముదిమియందును దీర్ఘకాలము జీవించిరని చూపి, బాల్యమున సంక్రమణలు రగిల్చిన శోథ యొక్క ఫలము వార్ధక్యము వఱకు వెంటాడునని ప్రతిపాదించిరి. సంక్రమణము దేహములో దాగి ముదిమికై కాచికొనియుండుట ఉత్ప్రేక్ష కాదు: బాల్యమున ఆటలమ్మగా వచ్చిన సూక్ష్మజీవి నరముల మూలమున దాగి పెద్దతనమున అక్కిగా లేచును. ఆ అక్కికి టీకా వేయించుకొనిన వేల్సు దేశపు వృద్ధులలో మతిమఱపు వ్యాధి రమారమి అయిదవ వంతు తగ్గినట్లు 2025లో ప్రకటింపబడినది.

మలేరియా విషయమున నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది మహమ్మద్ అస్గర్ ప్రభృతుల పరిశోధన. ప్రతి కణములోను క్రోమోజోముల కొసలకు టెలోమియర్లను రక్షణ తొడుగు లుండును. కణము విభజన చెందినకొలది అవి కురుచనగును గనుక వానిని కణపు వయసునకు గుర్తుగా చూతురు. పైకి జబ్బు కనబడకయే దీర్ఘకాలము మలేరియా క్రిమిని మోసిన అడవి పక్షులలో ఆ కొసలు త్వరగా తరిగి, ఆయువు తగ్గినట్లు 2015లో వారు చూపిరి. మనుష్యుల మాట 2018లో తేలినది: ఇతర దేశములలో మలేరియా సోకి స్వీడనులో చికిత్స పొందినవారి టెలోమియర్లు ఒక్క జ్వరముతోనే కురుచనై, మరల జ్వరము రాని కారణమున సంవత్సరము లోపున కోలుకొనినవి. మరల జ్వరము రాని సంవత్సరము! గెడ్డ యొడ్డున పుట్టి పెరిగినవానికి అట్టి సంవత్సర మొక్కటి దొరకుట యెట్లు? ఇంతియకాదు, చతుర్థక జ్వరమునకు హేతువైన క్రిమి చికిత్స లేనిచో దశాబ్దముల తరబడి రక్తమున దాగి యుండగలదు. మూత్రపిండములకు అది చేయు హాని వైద్యులకు చిరపరిచితము. పెద్దవాని ఓర్పు అని పరిశీలకుడు వ్రాసికొని వెడలినది ఈ నిశ్శబ్దపు చెల్లింపునే యని నా విశ్వాసము.

జ్వరము వంశములలో కూడ గుర్తు విడిచినది. ఎఱ్ఱరక్తకణము కొడవలివలె వంగు సికిల్ సెల్ లక్షణము తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే వచ్చినచో తీవ్ర మలేరియా నుండి బిడ్డను కాపాడును. ఇద్దఱినుండియు వచ్చినచో నొప్పులతో, రక్తహీనతతో, తఱచు సోకు సంక్రమణలతో జీవితమును కృశింపజేయును. మలేరియా తరతరములు ఏలిన తావులలో ఈ లక్షణము నిలద్రొక్కుకొనుట ప్రకృతి నియమము. మన ఏజెన్సీ గిరిజనులలో ఇది కనబడుటకును అదే హేతువు.

అయినను ఒక హెచ్చరిక చేయక తప్పదు. నగరవాసుల రక్తమును కొలిచిన గజముతో కొండవాని వార్ధక్యమును కొలువరాదు. బొలీవియా అడవులలో వేట, చేపలు, పోడు సేద్యము ఆధారముగా జీవించు చిమానే జాతివారిలో సంక్రమణలు, శోథ మెండుగా నున్నను, 2017లో 705 మంది వయోజనులకు తీసిన హృదయచిత్రములలో నూటికి 85 మందికి గుండె ధమనుల జబ్బు సూచనయే లేకుండెను. 2025లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధన ఇటలీ, సింగపూరు వృద్ధులలో వయసుతో పెరిగిన శోథను, చిమానేలలోను మలేషియా దేశపు ఓరాంగ్ అస్లీ జాతులలోను ఉన్న శోథతో పోల్చగా, మొదటి రెండు తావులలో అది వయసునకును దీర్ఘవ్యాధులకును అనుగుణముగా పెరుగగా, అడవి జాతులలో అట్టి సంబంధము కానరాలేదు. వారి శోథ క్రిములతో పోరాడు శోథ. నగరవాసిది కూర్చుండి తినుటవలన రగులు శోథ. చోడి అంబలి త్రాగి, కావడి మోసి, దినమంతయు కొండ యెక్కి దిగిన జాతాపు వృద్ధుని గుండె పట్టణపు గుమాస్తా గుండెకంటె దృఢముగా నుండిన ఆశ్చర్యము లేదు. పై రెండు సత్యములును ఒకే శరీరమున ఇముడవచ్చును: క్రిమి అతని ఆయువును తరుగుచున్నది, శ్రమ అతని గుండెను కాచుచున్నది.

ఇప్పుడు ఆ రెంటిలో కాచునది ముందుగా జారిపోవుచున్నది. గుమ్మలక్ష్మీపురము సంతలో నేడు చోళ్ల బస్తా ప్రక్కనే నూనె పొట్లములు, చక్కెర కలిపిన పానీయములు వచ్చి కూర్చున్నవి; చౌకడిపో బియ్యము అంబలిని వెనుకకు నెట్టినది. డాక్టరు అభయ్ బంగ్ అధ్యక్షతన గిరిజనారోగ్యమును పరిశీలించిన సంఘము 2018లో తెలిపినదాని ప్రకారము, దేశజనాభాలో నూటికి ఎనిమిదిమందియైన గిరిజనులు మలేరియా కేసులలో నూటికి ముప్పది వంతులను, మరణములలో సగమును మోయుచున్నారు. వారిలో ప్రతి నలుగురు వయోజనులలో ఒకరికి రక్తపుపోటు కలదు. వారి సగటు ఆయుఃప్రమాణము 63.9 ఏండ్లు కాగా తక్కినవారిది 67 ఏండ్లు. ఆ మూడేండ్ల వ్యత్యాసములో ఆకలి పాలెంత, పేదఱికము పాలెంత, వైద్యము అందని దూరముల పాలెంత, పాత జ్వరముల పాలెంత యని విడదీయుట సులభము కాదు; కాని జ్వరముల పాలు శూన్యమని ఇక నెవరును అనజాలరు.

మరణములు తగ్గినమాట నిజము, అందుకు సంతోషింపవలెను. 2023 నాటికి దేశమున మలేరియా కేసులు రెండు లక్షల ఇరువదియేడు వేలకు దిగినవి. గూడెమున ఆశా కార్యకర్త వ్రేలికొన నుండి ఒక్క చుక్క రక్తము తీసి, పావుగంటలో క్రిమిని గుర్తించి, అప్పుడే మందు చేతికిచ్చును. స్వీడను రోగులలో ఒక్క జ్వరము చేసిన చెఱుపు ఏడాదిలో మానినదని తెలిసిన పిమ్మట, ఈ చుక్క రక్తపు విలువ మరణమును తప్పించుటతో ఆగదు. భద్రగిరి ఆసుపత్రికి ఆమడదూరము డోలీ కట్టి మోయవలసిన గూడెమునందు అది మఱింత విలువైనది. వచ్చిన చిక్కెల్ల ఎవరిని లెక్కలోనికి తీసికొందుమన్న దగ్గఱనే. 2023 జూలై 1వ తేదీన ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన ఉద్యమము గిరిజన ప్రాంతములలో ఏడు కోట్లమంది రక్తమును పరీక్షింప సంకల్పించినది. వంశవ్యాధిని రాబోవు తరములకు సోకనీయకుండుటయే దాని ముఖ్యోద్దేశము గనుక పరీక్షకు పెట్టిన వయఃపరిమితి పుట్టినది మొదలు నలుబది యేండ్ల వఱకు. ప్లీహపు లెక్కకు పదేండ్ల లోపు పిల్లలు చాలిరి. ఈ లెక్కకు నలుబది లోపువారు చాలిరి. ఏబది, అఱువది, డెబ్బది వానకాలములు గెడ్డ యొడ్డున గడపినవారి రక్తమున ఏమున్నదో చూచు పట్టిక యేదియు ఇంకను గుమ్మలక్ష్మీపురపు గూడెములకు ఎక్కవలసియే యున్నది.